కింది అంతస్తు స్నానాలగది

"అమ్మ స్నానం పెద్ద పనేం కాదండీ, మా వెర్డెల్ చూసుకుంటుంది" అంటాడు మా ఆయన లూషస్, ఎవరు పలకరించినా. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంటుంది, నీళ్లు తనే మోస్తున్నట్టు. మా ఇంట్లో స్నానాలగది మేడమీద ఉంది. తుంటి విరిగినప్పటినుంచి మా అత్తగారు, ఊరంతా గౌరవంగా మిస్ ఎస్టెల్ అని పిలిచే ఆవిడ, మెట్లెక్కలేదు. రోజూ పొద్దున్నే వంటింట్లో కుర్చీ వేసి, కిటికీకి దుప్పటి కట్టి, గిన్నెలు తోమే టబ్బులో వేడినీళ్లు పోసుకుని నేనే ఆవిడ ఒళ్లు తుడుస్తాను. టోపీ పెట్టుకోకుండా ఏనాడూ చర్చి గడప తొక్కని మనిషి ఆవిడ. పొయ్యి పక్కన అలా కూర్చోవాల్సి వచ్చినందుకు కళ్లు గట్టిగా మూసుకుని, "అయిందా అమ్మాయ్? ఇంకా కాలేదా?" అంటుంది. నేనూ మనవరాళ్లున్న ముసలిదాన్నే. ఆవిణ్ణి లేపినప్పుడల్లా నా నడుము కలుక్కుమంటుంది. లూషస్ ఆ సమయానికి వరండాలో కాఫీ తాగుతుంటాడు. ఓ చెయ్యి వెయ్యమంటే, "ఆడవాళ్ల దగ్గర నాకేం బాగుంటుంది?" అంటాడు. తనకు లాలపోసి పెంచిన మనిషి దగ్గర ఏం బాగుండకపోవడమో!

కింద ఇంకో గది కట్టించే స్తోమత మాకు లేదు. ఉన్న ఆశ ఒక్కటే. బీద పేటల కోసం, పాత ఇళ్ల మరమ్మతుల కోసం వాషింగ్టన్ నుంచి మా ఊరికి ఏటా డబ్బొస్తుంది. జనాన్ని అడక్కుండా ఊరి పెద్దలు దాన్ని ఖర్చు పెట్టకూడదు. అందుకే ప్రతి వసంతంలో మా చర్చి కింది హాల్లో సభ పెడతారు. రోడ్లకో అట్ట, పార్కుకో అట్ట, ఇళ్ల మరమ్మతుకో అట్ట గోడకు తగిలిస్తారు. వీధి గుమ్మం దగ్గర ఆకుపచ్చ స్టిక్కర్లు పంచుతారు. ఎవరికేది కావాలో ఆ అట్ట మీద అంటించాలి. స్టిక్కర్లు ఎటు ఎక్కువ పడితే డబ్బు అటు మొగ్గుతుంది.

ఇన్నేళ్లలో నా చేతికి ఒక్క స్టిక్కరూ రాలేదంటే నమ్ముతారా? సభకు రండి, భోజనం ఉంటుంది అని ఊరంతా చాటుతారు. వండేదెవరో మాత్రం చెప్పరు. మేం ఆడవాళ్లం వేడి గిన్నెలు పట్టుకుని వెనక గుమ్మంలోంచి నేరుగా వంటగదిలోకి వెళ్తాం. స్టిక్కర్లేమో ముందు గుమ్మంలో పంచుతారు. మేం పళ్లతో చేసిన కాబ్లర్ పొయ్యిలోంచి తీసేసరికి అట్టలు చుట్టేస్తుంటారు. "నీ బదులు నేను అంటించాన్లే" అంటాడు లూషస్. దేని మీద అని అడిగితే, పార్కు మీద.

ఈసారి ఇళ్ల మరమ్మతు సొమ్ము కోసేసి పార్కులో బాస్కెట్‌బాల్ కోర్టుకు దీపాలు పెట్టిస్తారని వినికిడి. అదే జరిగితే మా కింది గది ఊసు ఇక ఉండదు. సభ రోజు చర్చి వంటగదిలో ఆ దిగులుతోనే కోడిముక్కలు వేయిస్తున్నాను. నగరపాలక సంస్థ నుంచి వచ్చిన మిస్ డ్వొరాక్ తలుపులోంచి తొంగిచూసి, "మీరు లేకపోతే ఈ సభే లేదు!" అని ఓ ముక్క పట్టుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి వడ్డించే కిటికీలోంచి ఆవిడ గొంతే వినిపించింది. "మరమ్మతుల అట్ట దాదాపు ఖాళీగానే ఉంది. ఇళ్లలో పెద్దవాళ్లకు ఇబ్బందేం లేదా? డీకన్ లూషస్, మీ అమ్మగారికెలా ఉంది?"

"మాకే ఇబ్బందీ లేదండీ" అన్నాడు చర్చి పెద్దల్లో ఒకడైన మా ఆయన. "స్నానాలగది పైన ఉన్నా అంతా చక్కగా జరిగిపోతోంది. కుర్రాళ్లకు దీపాలు పెట్టించండి."

చప్పట్లు కొట్టారు.

పక్కన మాకరోనీ కలుపుతున్న క్లియోటా గరిటె ఆపేసింది. "విన్నావా, జరిగిపోతోందట!"

"విన్నాను."

"నీళ్లు కూడా వాటంతటవే కాగుతున్నాయేమో మీ ఇంట్లో. అదృష్టవంతురాలివే!"

నవ్వు రాలేదు నాకు. పట్టకారు కింద పెట్టాను. "పదండే" అన్నాను అందరితో.

"ఎక్కడికి? కోడి మాడుతుంది!"

"మాడనీ."

వెనక గుమ్మంలోంచి బయటపడి, చర్చి చుట్టూ తిరిగి, పిండి అంటిన ఏప్రన్లతోనే వీధి గుమ్మంలోంచి లోపలికి నడిచాం. స్టిక్కర్లు పంచే పిల్ల కంగారుపడింది. "ఆంటీ, వంటగది అటు కదా?"

"అక్కణ్ణించే వస్తున్నామమ్మా. మా స్టిక్కర్లు మాకివ్వు."

మా స్టిక్కర్లతో మరమ్మతుల అట్ట ఆకుపచ్చగా నిండిపోయింది. లూషస్ ముక్కు ఎగబీల్చి, "వెర్డెల్! ఏదో మాడుతోంది!" అన్నాడు.

"మాడుతోంది. వెళ్లి చూసుకో. పెద్ద పనేం కాదు."

క్లియోటా పగలబడి నవ్వింది. నేను మైకు దగ్గరికి వెళ్లాను. మాట్లాడేందుకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలిస్తారు. నాకంత అక్కర్లేకపోయింది.

"మా ఇంట్లో కింద స్నానాలగది లేకపోయినా ఇబ్బంది లేదని మా ఆయన చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదు. ఇన్నాళ్లూ మా ఇంటి కింది స్నానాలగదిని నేనే. రేపటినుంచి ఆ గది మూసేస్తున్నాను."