బురుజు తలుపుకు అడ్డంగా

"పడతావయ్యా, ఆ రాళ్లు ఊడిపోయుండాయి, దిగు," అంటున్నాను నేను, కనుమ మీది బురుజు అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మా ఆయనతో. ఆయన జ్వరంతో పోయి రెండేళ్లయింది.

"సచ్చినోణ్ణి, ఇంగ యాడ పడతానే," అని నవ్వుతున్నాడు.

పాళెగాళ్లు దారి కాసిన బురుజు అది, నలుగురు నిలబడితే నిండిపోయేంత చిన్నది, అయినా ఇప్పుడు లోపల మా వంటిల్లు ఉంది, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, తుపాకులు పెట్టే సందుల్లోంచి పొగో మంచో లోపలికి వస్తోంది, కిందికి చూస్తే ఘాటు రోడ్డు దండెం మీద ఆరేసిన చీరలా ఊగుతోంది. ఆ రోడ్డున పోయే బస్సులోనే మా నాగవేణికి కండక్టరు ఉద్యోగం వచ్చింది, తెల్లారితే చేరాలి. లోయలూ మలుపులూ తాగుబోతులూ తలుచుకుని నేనే ఆపాను. ఎలా ఆపానో ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"పిల్లను పంపొద్దని నేనెప్పుడు జెప్తినే?"

తలెత్తలేకపోతున్నాను. మా వైపు చనిపోయినవాళ్లు కలలోకొచ్చి వద్దంటే ఎవరూ గడప దాటరు. అది ఎరిగే, మీ నాయన కలలో కనపడి ఏడ్చినాడని పిల్లకు చెప్పాను, రోజుకో మాట కలిపి చెప్పాను. అప్పటినుంచి అది నాతో మాట్లాడటం మానేసింది.

"బతికుండగా నన్ను నోరెత్తనియ్యకపోతివి. సచ్చినంక నా నోట్లో మాటలు పెడితివి," అంటున్నాడు, కోపంగా కాదు, జాలిగా, అందుకే నాకు నేల చీలితే బాగుండుననిపిస్తోంది. ఆయన దిగివచ్చి తలుపు తీయబోతాడు, బయట బస్సు హారన్ కొడుతోంది, నేను తలుపుకు వీపు ఆనించి గడియ పట్టుకుంటాను, "దానికేమన్నా అయితే?" అంటాను.

"నాకు జరమొచ్చింది ఇంట్లోనే గదా," అంటాడాయన, గడియ నా చేతిలో గుడ్డలా మెత్తబడుతుంది.

మెలకువ వచ్చేసరికి పక్కన పడుకున్న నాగవేణి చున్నీ చెంగు నా పిడికిట్లో ఉంది. వదిలాను. అది కళ్లు తెరిచే ఉంది.

అన్ని దొంగకలలు చెప్పినదాన్ని, నిజంగా వచ్చిన ఈ ఒక్క కల చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

"మీ నాయన ఎప్పుడూ వద్దనలేదమ్మీ. అంతా నేనే అల్లినా," అన్నాను.

అది లేచి స్నానం చేసింది, అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంది, ఖాకీ చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. నేను సద్ది కట్టి గడప దగ్గర పెట్టి, దూరంగా నిలబడ్డాను. అప్పుడంది, నా వైపు చూడకుండానే:

"నాకూ బయంగానే ఉంది మా. ఈ పొద్దు నువ్వూ బస్సెక్కు."