రాయిని నాకి చూసినవాడు

మా ఆయన లీబెరోకి నలభై ఏడేళ్ల వయసులో ఎనిమిదో తరగతి పరీక్ష వచ్చిపడింది. నవ్వేవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఇటలీలోని మా కర్రారా కొండల్లో నడుముకు తాడు కట్టుకుని, నిలువెత్తు పాలరాతి గోడల మీద వేలాడుతూ, ఊడిపడబోయే రాళ్లను గునపంతో ముందే పడగొట్టే పని చేస్తున్నాడు. ఆ చలికాలం మోకాలు పట్టేసింది. మేస్త్రి పని ఖాళీ అయింది గానీ, దానికి ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కావాలన్నారు. అది వస్తే నేల మీద నిలబడతాడు. రాకపోతే ఆ మోకాలితోనే మళ్లీ తాడెక్కుతాడు. రాత్రీ పగలూ నా బెంగ అదే.

ఆ పరీక్షకు చదివించేది, పనివాళ్ల కోసం యూనియన్‌వాళ్లు పోరాడి తెచ్చిన నూట యాభై గంటల చదువు. పని దిగాక సాయంత్రాలు ఊరి బడిలో చెప్పేవారు. పీసా నుంచి ఓర్నెల్లా అనే పిల్ల టీచరుగా వచ్చింది. మొదటి రోజే పీచ్ పండు కోసి చూపించిందట. తొక్క మనం నిలబడ్డ పైపెంకు, గుజ్జు దాని కింద వేడెక్కిన రాతిపొర, టెంక నడిమధ్యన ఉన్న ఇనుము.

"ఏంటమ్మాయ్, మా తాతల నాటి నుంచి మేం తవ్వుతున్నదంతా ఈ తొక్కలోనేనా?" అని అడిగాడట మా ఆయన.

"తొక్కదాకా కూడా రాలేదు లీబెరో గారూ. దాని మీద నూగు ఉంటుంది చూడండి, అందులోనే ఉన్నారు."

గదంతా గొల్లుమందట. ఆయన ఇంటికొచ్చి రొట్టె ముట్టకుండా కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఏమైంది?"

"నూగేనట ఇల్వా! మూడు తరాలు తవ్వి నూగు దాటలేదట!"

కోపం వచ్చిందనుకున్నాను. తీరా మొహం చూస్తే మురిసిపోతున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు అదే పిచ్చి. భోజనాల బల్ల మీద ఒక కంచం ఆఫ్రికా, ఇంకోటి ఐరోపా. రెండూ దగ్గరికి నెడితే మధ్యలో గుడ్డ ముడతలు పడి లేచేది. "ఇదిగో మన కొండ!" అనేవాడు.

"నీ ఆఫ్రికా పాడుగాను, ద్రాక్షసారా ఒలికిందయ్యా!" అని అరిచేదాన్ని.

అరిచేదాన్నే గానీ వినేదాన్ని కూడా. వెచ్చటి సముద్రం అడుగున గవ్వలూ సున్నపు బురదా పేరుకున్నాయట. నేలపలకల తోపులాటలో అదంతా లోతుకు పోయి, ఉడికి, నలిగి పాలరాయి అయిందట. ఇరవై రెండేళ్లుగా ఆయన చొక్కాలోంచి నేను దులిపిన తెల్లదుమ్ము ఒకప్పటి సముద్రమట! నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది.

జూన్ నెలలో పట్నం బడిలో నోటి పరీక్ష పెట్టారు. ఇంటివాళ్లం వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. భూమి పొరలు చెప్పమని ప్రొఫెసర్ అడిగాడు. ఇంట్లో కోడై కూసిన మనిషికి అక్కడ నోరు పెగల్లేదు. ప్రొఫెసర్ జాలిపడి, డబ్బాలోంచి తెల్లటి రాయి ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

"పోనీ, ఇదేంటో చెప్పండి. మీ ఊరిదే."

పాలరాయి అంటే చాలు, గట్టెక్కినట్టే. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నాలికతో నాకాడు! గనిలో పొడిరాయిని ఎవరూ నమ్మరు. తడిపితేనే వెంట్రుకంత పగులైనా బయటపడుతుంది. అందుకని మావాళ్లందరికీ అదే అలవాటు. అయితే మాత్రం పెద్దమనుషుల ముందా! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇది మాది కాదు" అన్నాడు.

"డబ్బా మీద రాసుందయ్యా, కర్రారా పాలరాయి అని."

"రాసినాయన నాకి చూసుండడు సార్."

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ప్రొఫెసర్ మొహం ఎర్రబడింది. ఒప్పుకోవయ్యా మహానుభావా, ఒక్క మాటే కదా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

"జవాబు తప్పయితే నేనేం చేయలేను" అన్నాడు ప్రొఫెసర్.

"తప్పని రాసుకోండి సార్. దీన్ని పాలరాయంటే రేపు కొండెక్కి మావాళ్లకి మొహం ఎలా చూపించను?"

అని బొటనవేలి గోటితో రాయి మీద గీత గీశాడు. గీత పడింది.

"మా రాయి గోటికి లొంగదు. నాలిక మీద మంచుగడ్డలా తగులుతుంది. ఇది వెచ్చగా ఉంది. ఇది జిప్సం సార్, వోల్తెర్రా వైపుది. సముద్రం ఎండిపోతే అడుగున మిగిలిన గడ్డ. మాది అలా పుట్టలేదు..."

ఇక ఆపితే ఒట్టు! ప్రొఫెసర్ నోటుపుస్తకాలే రెండు లాక్కుని ఆఫ్రికాను ఐరోపాకు గుద్దించాడు. పెంకు, రాతిపొర, ఇనుము అన్నీ వచ్చాయి. గవ్వలు వచ్చాయి. నూగు కూడా వచ్చింది. గడ్డం మాసిన మా ఆయన అంత అందంగా ఉంటాడని పెళ్లినాడు కూడా నాకు తెలియలేదు.

ప్రొఫెసర్ తనూ గోటితో గీసి చూశాడు. తర్వాత తలుపు వైపు ఓ చూపు విసిరి, రాయిని నాలిక కొసకు తాకించాడు.

"పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి దీన్నే చూపిస్తున్నాను" అని మెల్లగా అన్నాడు. "కూర్చోండి లీబెరో గారూ. ఇంకాస్త చెప్పండి."

పాసయ్యాడు. మాతోపాటు వచ్చిన టీచరు ఓర్నెల్లాను పట్టుకుని వరండాలో భోరున ఏడ్చాను.

సోమవారం మా ఆయన మేస్త్రిగా కొండకెళ్లాడు. ఆయన చేసిన తాడు పని ఇలారియోకిచ్చారు. మా వీధి కుర్రాడే, పెళ్లయి ఏడాది కాలేదు. సంబరంలో నాకు ఆ ఊసే తట్టలేదు. మర్నాడు రొట్టెల కొట్లో అతని పెళ్లాం దోరీనా కనిపిస్తే తల దించుకుని పక్కనుంచి జారుకోబోయాను.

"ఇల్వక్కా, తప్పించుకుపోతున్నావేం?"

"ఏ మొహం పెట్టుకుని పలకరించనే?"

"బాగుంది సంబడం! నిన్న పొద్దుట్నుంచి దిగేదాకా మీ ఆయన మెడ పైకెత్తి చూస్తూనే ఉన్నాడటక్కా. ఎక్కడ కాలు పెట్టాలో, ఏ రాయిని నమ్మకూడదో అరిచి చెప్తూనే ఉన్నాడట. రొట్టె కూడా నిలబడే తిన్నాడట. ఆయన కింద ఉండగా నాకేం భయం?"

ఆయన తాడు మీద వేలాడిన ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా నేను ఎవరి గురించీ అనలేకపోయిన మాట అది.

సాయంత్రం ఆయన మెడ పట్టేసిందంటూ ఇంటికొచ్చాడు. కసురుకోకుండా నీళ్లు కాచి కాపడం పెట్టాను.