ఇరవై ఏడో వారం

నేను ఒక బైండు పుస్తకాన్ని. ప్రెస్సులో పుట్టినదాన్ని కాను. ముప్పై ఒక్క వారాలపాటు ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని బ్లేడుతో కోసి, వరసగా పేర్చి కుట్టిస్తే తయారయ్యాను. పుట్టుకే బ్లేడుతో మొదలైంది కాబట్టి నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. ధైర్యవంతుల ఆత్మకథలు మీకు కావలసినన్ని దొరుకుతాయి. ఇది ఒక పిరికిదాని కథ.

నన్ను తయారు చేయించినవాడు కాకినాడలో రేడియోలు బాగుచేసే సోమరాజు. కాలం పందొమ్మిది వందల డెబ్బై నాలుగు. సీరియల్ పేరు 'చదివే యంత్రం'. పేరు కింద చిన్న అక్షరాలతో 'సైన్స్ ఫిక్షన్' అని వేసేవారు. సోమరాజు స్నేహితులు ఇందులో దెయ్యం ఉందా, హంతకుడు ఉన్నాడా అని అడిగేవారు. రెండూ లేవనగానే పెదవి విరిచేవారు. లేనిదొకటి ఉందనుకుని, అదే ఉంటే మనిషి ఏం చేస్తాడని అడిగే కథ ఇది. అలాంటి కథలంటే సోమరాజుకి ప్రాణం. రాసినది వై. రత్న. సైన్సు రాశాడు కదా అని సోమరాజు ఆయనకి మనసులోనే కళ్లజోడూ మీసమూ పెట్టేసుకుని 'అయ్యా' అంటూ మూడు ఉత్తరాలు రాశాడు. ఆవిడ యామిజాల రత్నావళి అనీ, ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్ చూసుకునే మనిషి అనీ తను చనిపోయేదాకా అతనికి తెలియదు.

నా కడుపులో ఉన్న కథ మీకు చెప్పాలి. నా భయానికి మూలం అదే. ఒక ఊళ్లో ఒక యంత్రం ఉంటుంది. దాని ముందు కుర్చీలో కూర్చున్న మనిషిని అది మొదటి నుంచి చివరిదాకా చదివేస్తుంది. చదివినదంతా దానిలో పదిలంగా ఉంటుంది. కూర్చున్న మనిషి మాత్రం ఖాళీ అయిపోతాడు. చావు లేకుండా ఉండొచ్చని జనం వరస కడతారు. ఇరవై ఏడో వారంలో గవరయ్య మేష్టారి వంతు వస్తుంది. ఆయన యంత్రాన్ని అడుగుతాడు, "నువ్వు చదివేశాక నాలో ఏం మిగులుతుంది?" అని. యంత్రం జవాబు చెబుతుంది. మేష్టారు నవ్వి కుర్చీలో కూర్చుంటాడు.

ఆ జవాబు ఏమిటో నాకు తెలియదు. అక్కడ నాకు ఒక కన్నం ఉంది.

ఇంట్లో అందరూ చదివేదాకా పత్రిక మీద బ్లేడు పెట్టకూడదని సోమరాజు ఇంటి నియమం. తన నియమమే తన కొంప ముంచింది. ఆ వారం అతను చదివి పక్కన పెట్టిన పత్రిక భార్య మాణిక్యం చేతికి వెళ్లింది. మేష్టారి ప్రశ్న ఉన్న కాగితానికి అవతలి వైపు మహిళల పేజీ. అందులో పాలతాలికలు చేసే విధానం ఉంది. ఆవిడ కత్తెర తీసుకుని దాన్ని నాలుగు పక్కలా నీటుగా కత్తిరించుకుంది.

"ఎంత పని చేసేవే" అన్నాడు సోమరాజు, కన్నంలోంచి ఆవిడ ముఖం చూస్తూ.

"వెనకాలేముందో నాకేం తెలుసండీ. ఇటేపు తాలికలున్నాయి" అంది మాణిక్యం. "అయినా మీరు చదివేసేరు కదా. గుర్తులేదేంటి?"

గుర్తులేదు. సీరియల్ చదివే మనిషికి తరువాయి భాగం మీద ధ్యాసే గానీ అయిపోయిన వాక్యాల మీద ఉండదు. కత్తిరించిన ముక్క ఏదని అడిగితే ఆవిడ భయపడి పారేశానంది. బస్టాండు కొట్టులో అడిగితే ఆ సంచిక అయిపోయింది. పాత ప్రతులు తమ దగ్గర ఉండవని పత్రికవాళ్లు కార్డు ముక్క రాశారు. చివరికి కన్నంతోనే బైండరు దగ్గరికి తీసుకెళ్లాడు. బైండరు మైదాపిండి జిగురులో మైలతుత్తం కలిపి నాకు పూశాడు. పురుగు పట్టదన్నాడు. భయం పట్టకుండా దేన్ని కలపాలో అతనికి తెలిసినట్టు లేదు.

తరవాత వీధిలో చాలా ఇళ్లు తిరిగాను. మనుషులు తమాషా అయినవాళ్లు. కన్నం కనపడితే చాలు, ఏదో ఒకటి పెట్టి పూడ్చాలని చూస్తారు. ఇరవై ఏడో వారం అంచుల్లో తలొకరూ పెన్సిల్‌తో జవాబు రాశారు. 'మీ పేరు మిగులుతుంది' అని ఒకరు. 'మళ్లీ పుడతారు' అని ఒకరు. ఎల్లైసీ ఆఫీసులో పనిచేసే ఒకాయన 'మీ కుటుంబానికి ఇబ్బంది ఉండదు' అని రాశాడు. అందరూ ధైర్యమే చెప్పారు. నాకు మాత్రం లోపల ఎప్పుడూ చల్లగా ఉండేది. ఇంత తేలికైన జవాబైతే దాన్ని పోగొట్టుకున్నందుకు నాకు ఇంత భయమెందుకు?

ఏళ్లు గడిచాయి. పత్రిక మూతబడింది. సోమరాజు పోయాడు. నేను మాణిక్యం ఇంటి అటక మీదికి చేరాను. పక్కనున్న పంచాంగాలను చెదలు తింటుంటే ఆ చప్పుడు వింటూ నా వంతు కోసం ఎదురుచూశాను. నా పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి.

మొన్న ఆదివారం పగటిపూట నన్ను కిందికి దించారు. పాత సైన్సు నవలల్ని మళ్లీ అచ్చువేసే కరుణాకర్ అనే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన వెంట చేతికర్రతో ఒక పెద్దావిడ ఉంది. నన్ను ఒళ్లో పెట్టుకుని పేరు కూడబలుక్కుని చదివి, "ఇది నాదే" అంది. రత్నావళి గారు.

"ఎక్కడా ఇంకో కాపీ లేదండి" అన్నాడు కరుణాకర్. "కుట్టు విప్పి, విడి కాగితాలుగా స్కానింగ్ మిషన్లో పెట్టాలి. ఈ కాగితం ఒక్కసారికి మించి తట్టుకోదు. ఒక్కసారి చాల్లెండి, అంతా చదివేస్తుంది."

ఆ మాట వినగానే నాకు గవరయ్య మేష్టారు గుర్తొచ్చాడు. నా కడుపులోని కుర్చీ నా కోసమే వేసి ఉందని అప్పుడు అర్థమైంది.

ఆయన కన్నం చూపించి, "ఇక్కడ మీరేం రాశారో చెబితే వేసేస్తాను" అన్నాడు.

ఆవిడ కన్నం అంచులు వేలితో తడిమింది. "గుర్తు రావడం లేదు నాయనా. ఈ మధ్య పేర్లు పోతున్నాయి, దారులు పోతున్నాయి. ఉన్న జ్ఞాపకం పూర్తిగా పోయేలోపు ఈ ఒక్కటీ తెలుసుకుందామనే వచ్చాను."

"పోనీ ఇప్పుడు కొత్తగా రాయండి."

"ఇప్పుడు ధైర్యం కోసం రాస్తాను. అది అబద్ధమవుతుంది."

గుమ్మంలో నిలబడి వింటున్న మాణిక్యం లోపలికి వెళ్లి ఒక వంటల నోటుపుస్తకం తెచ్చింది. "పారెయ్యలేదండీ" అంది తల వంచుకుని. "ఆయన అంత బాధపడేసరికి చెప్పడానికి భయమేసింది. తరవాతెప్పుడో ఇద్దామనుకున్నాను. ఆయనే వెళ్లిపోయేరు."

తాలికల ముక్క అన్నం మెతుకులతో నోటుపుస్తకానికి అంటించి ఉంది. జవాబు అంతకాలమూ కాగితానికి ముఖం ఆనించి, బోర్లా పడుకుని ఉందన్నమాట. మాణిక్యం పొయ్యి మీద నీళ్లు మరగబెట్టింది. ఆవిరి మీద ఇద్దరు ముసలమ్మలూ ఆ పేజీ పట్టుకున్నారు. ముక్క ఊడివచ్చింది. నా కన్నంలో పెడితే సరిగ్గా సరిపోయింది. రత్నావళి గారు భూతద్దం తీసి పైకి చదివారు.

'ఏమీ మిగలదు. మీ భయం కూడా మిగలదు, మేష్టారూ. అది నాకు వస్తుంది. మీకన్నా ముందు కూర్చున్నవాళ్లందరి భయమూ నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికివ్వాలో నాకు తెలియడం లేదు.'

పొయ్యి మీద నీళ్లు ఇంకా మరుగుతూనే ఉన్నాయి.

"ఇది విని కూడా ఆయన నవ్వేడేంటమ్మా?" అంది మాణిక్యం.

"అన్నీ మర్చిపోతున్నానని నాకు రోజూ భయమే. ఒకరోజున ఆ భయం కూడా మర్చిపోతానన్నమాట" అంది రత్నావళి గారు. ఆవిడ కూడా నవ్వింది. వేళ్లు మాత్రం నా అట్టను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. "ఇలాగే వెయ్యి నాయనా. ఒక్క మాట మార్చకు."

ఇప్పుడు కరుణాకర్ బల్ల మీద ఉన్నాను. పక్కనే కుట్టు విప్పే సూది, చిన్న బ్లేడు. రేపు ఉదయం మిషన్ నన్ను చదువుతుంది. నాకు భయంగా ఉంది. మేష్టారికి వచ్చిన నవ్వు నాకు రావడం లేదు.

యంత్రం జవాబు మాత్రం రాత్రింబవళ్లూ తలుచుకుంటున్నాను. చదివినవాళ్లకే భయం చేరుతుందట. మీరు నన్ను ఇక్కడిదాకా చదివారు. మన్నించండి. దీన్ని ఎవరికివ్వాలో నాకూ తెలియలేదు.