‘అ’ చెప్పని పంతులమ్మ

సారవలస బడిలో ఒకటో తరగతి చెప్పే సత్యవతి టీచరు, అరవై ఎనిమిది జులై మొదట్లో మళ్ళీ పనిలో చేరింది. పురిటికని వేసవి సెలవులకు ముందే నెల్లిమర్లలో అత్తవారింటికి వెళ్ళిన మనిషి. వెళ్ళేటప్పుడు నిండు చూలాలు. వచ్చేటప్పుడు చేతిలో రేకుపెట్టె ఒక్కటే ఉంది. బిడ్డ ఏదని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆమెకంటే ముందే ఆ కబురు గజపతినగరం బస్సెక్కి ఊరు చేరిపోయింది.

బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. మంత్రసాని నారాయణమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు చరిచింది. నోట్లో వేలు పెట్టి తుడిచింది. ముఖాన చన్నీళ్ళు చల్లింది. ఒక్క కేక కోసం గదిలో అందరూ ఊపిరి బిగబట్టి కాచుకున్నారు. అది రాలేదు. ఎవరో బిడ్డను తుండుగుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోయారు. ఆడపిల్ల అన్న మాట మాత్రం సత్యవతి చెవిన పడింది. పాలు ఇగిరిపోవాలని రొమ్ములకు మల్లెపూలు కట్టారు. ఇప్పుడు ఏడుస్తుందేమో, అప్పుడు ఏడుస్తుందేమో అని అత్తా ఆడపడుచూ మంచం పక్కన కాపలా కూర్చుని, చివరికి వాళ్ళే అలిసిపోయి పనుల్లో పడ్డారు.

భర్త సత్యానందం అక్కడ జూటు మిల్లులో గుమాస్తా. “ఇంకో నెల ఉండిపోరాదా?” అన్నాడు.

“బళ్ళు తెరిచేశారు కదండీ,” అంది ఆమె. ఉండమన్నా ఉండేది, వెళ్ళమన్నా వెళ్ళేది. రెండింటికీ తేడా తెలియని స్థితిలో ఉంది.

సత్యవతి భీమిలిలో ట్రైనింగయింది. అక్షరాల వరస బట్టీ పట్టించడం ఆమె పద్ధతి కాదు. ముందు చప్పుడు, తరవాతే అక్షరం. తిరగలి ఏమంటుంది? ర్ర్ర్ అంటుంది, అదే ‘ర’. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే ఏమంటుంది? స్స్స్, అదే ‘స’. పిల్లలు ఇళ్ళకు వెళ్ళి పెనాల మీద నీళ్ళు చల్లి తల్లుల చేత తిట్లు తినేవాళ్ళు. కాని రెండు మూడు నెలలు తిరిగేసరికి కూడబలుక్కుని చదివేసేవాళ్ళు. తడిక అవతల రెండో తరగతికి ఎక్కాలు చెప్పే హెడ్మాస్టరు జగన్నాధంగారికి మొదట్లో ఈ గోల నచ్చేది కాదు. కొన్నేళ్ళకు అలవాటు పడ్డారు. ఆమె మొదటి పాఠం మొదలుపెట్టే రోజున తన క్లాసును కాసేపు ఊరుకోబెట్టి వినేవారు కూడా.

ఆ మొదటి పాఠం ఏటా ఒకటే. “పాప పుట్టగానే ఏమంటుందర్రా?” అని అడిగేది. పిల్లలంతా నోళ్ళు తెరిచి “అ…” అనేవాళ్ళు. “చూశారా, మొదటి అక్షరం పుట్టిన రోజే మీకు వచ్చేసింది. రాయడం ఒక్కటే నేను చూపిస్తాను,” అని నల్లబల్ల మీద ఇంత పెద్ద ‘అ’ రాసేది.

ఈ ఏడు సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడింది. పిల్లలు కొత్త పలకలు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. ఆమె చెయ్యి లేచి ‘ర’ రాసింది. “తిరగలి ఏమంటుంది?” అంది.

అలా ర అయింది, స అయింది, ప, గ, ల, క, ట, డ, బ, మ అయ్యాయి. గుడి, కొమ్ము, ఎత్వం తగిలించడం కూడా అయింది. గడప, పలక, గుడిసె అని పిల్లలు రాయసాగారు. ‘అ’ మాత్రం రాలేదు. చెప్పకూడదని ఆమె ఒట్టేమీ పెట్టుకోలేదు. రోజూ దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేది, అంతే. సాయంత్రం గదికి వచ్చి కుంపటి రాజేసుకుని అన్నం వండుకునేది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. తిన్నా తెలిసేది కాదు.

ఆగస్టులో ఒకరోజు మరిడమ్మ అనే రైతు కూలి హెడ్మాస్టరు దగ్గరికి వచ్చింది.

“మేస్టరుగోరూ, మా అమ్మడు పలక రాస్తాది, గడప రాస్తాది. నీ పేరు రాయే అంటే మా టీచరమ్మ ఆ అచ్చరం ఇంకా తేనేదంటాది. అదెక్కడినించి రావాలేటి, ఇజీనారం నించా?”

విజయనగరం మాటకు జగన్నాధంగారు నవ్వుకున్నారు. మధ్యాహ్నం బడి విడిచాక సత్యవతితో మెల్లిగా అన్నారు: “అమ్మా, మన ఊళ్ళో సగం మంది అప్పన్నలూ, అప్పలసూరులూ, అప్పలనరసమ్మలే కదా. సింహాచలం అప్పన్న పేరు పెట్టని ఇల్లుందా? అ లేకపోతే ఈ పిల్లలు పేర్లు ఎలా రాసుకుంటారు?”

“చెబుతానండి.”

“పోనీ ఒక పూట నేను చెప్పేదా?”

“వద్దండి. నేనే చెబుతాను.”

ఇంకేదో అనబోయి ఆయన ఆగిపోయారు. ఏటా తడిక అవతలి నుంచి తాను విన్న ఆ మొదటి పాఠం అప్పుడు గుర్తొచ్చింది కాబోలు. గొడుగు విప్పుకుంటూ, “తొందరేం లేదులే తల్లీ,” అని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వరి ఊడుపులు ముమ్మరమయ్యాయి. తల్లులంతా మడుల్లో ఉంటే చంటివాళ్ళు పెద్దపిల్లల చంకల్లో బడికి వచ్చేవారు. వద్దంటే పెద్దపిల్ల బడి మానేస్తుంది. అందుకని ఎవరూ వద్దనేవారు కాదు. మరిడమ్మ కూతురు అమ్మడు తన చెల్లెలు చిన్నతల్లిని ఎత్తుకొచ్చి, గోడవారన గోనెపట్టా పరిచి పడుకోబెట్టింది. ఆ గోడవైపు చూడకుండా సత్యవతి పాఠం మొదలెట్టింది.

బయట వాన పడుతోంది. చూరు నీళ్ళు సత్తు గిన్నెలో పడుతున్నాయి.

“కళ్ళు మూసుకోండి. ఏం వినబడుతోందో అది రాయండి,” అంది.

అప్పలసూరి అనేవాడు అందరికంటే ముందు పలక ఎత్తాడు. టపటప అని ఉంది. ఇంకొకడు బడి వెనక గేదె అరుపును రాయబోయి మధ్యలో చిక్కుపడ్డాడు. సత్యవతి ఒక్కొక్క పలకా చూస్తూ “బాగుంది, బాగుంది” అంటోంది. ఆ మాట నోటి చివరనుంచి వస్తోంది గాని లోపలినుంచి కాదు.

అంతలో చిన్నతల్లి లేచి ఏడుపు మొదలెట్టింది. ఒక్కొక్క కేకకీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఏడుస్తోంది. అమ్మడు బలపం పట్టుకుని ఆ ఏడుపు చెవొగ్గి వింది. పలక వైపు చూసుకుంది.

“టీచరమ్మా, మా సిన్నతల్లి అంటన్నాదే, అదేటి అచ్చరం? ఇది మాకు నువ్వు సెప్పనేదు.”

“ఒరే, అది నా పేర్లోదిరా!” అని అప్పలసూరి లేచి నిలబడ్డాడు. “అ… అప్పలసూరి!”

“నా పేర్లోది కూడానూ!”

తరగతంతా నోరు తెరిచింది. అ, అ, అ అని ఎవరి గొంతులో వాళ్ళు. తడిక అవతల ఎక్కాలు ఆగిపోయాయి.

సత్యవతి బల్ల దగ్గరికి నడిచింది. ‘అ’ రాసింది. తన చెయ్యి రాస్తూంటే తానూ పిల్లల్లో ఒకతెలాగ చూసింది. పిల్లల వైపు తిరిగి నిలబడింది. రాస్తే సరిపోదు, చప్పుడు చెప్పాలి, అది తన పద్ధతే. నోరు తెరిచింది. కాసేపు ఏమీ రాలేదు. పిల్లలు కాచుకుని ఉన్నారు. తరవాత వచ్చింది. బొంగురుగా, ఒక అక్షరానికి కావలసినదానికంటే చాలా పొడుగ్గా వచ్చింది.

పాఠం అలాగే కాబోలనుకుని పిల్లలు అదే బొంగురుతో, అంత పొడుగ్గానూ అన్నారు.

తరవాత పేర్ల పండగ అయింది. సుద్ద, బలపం, ఉమ్మి, మోచేతులు. అమ్మడు చెల్లెల్ని ఒళ్ళో వేసుకుని ఒక చేత్తో రాసి చూపించింది. పలక మీద ‘అమడు’ అని ఉంది. తనే వేలు పెట్టి చదువుకుని మొహం చిట్లించింది.

“ఇది నాను కాదు.”

“ఎందుకు కాదు?”

“నా పేరు మద్దిన ఓపాలి ఆగతాది. ఇది ఆగనేదు.”

ఒత్తులు చెప్పడానికి ఇంకా చాలా రోజులున్నాయి. అయినా సత్యవతి వంగి ‘మ’ కింద ఒత్తు పెట్టింది. అమ్మడు మళ్ళీ చదువుకుని తల ఊపింది.

“మీ పాప పేరేటి టీచరమ్మా? అది కూడా రాసెత్తాను.”

“పేరు పెట్టలేదు.”

“మరేటని పిలిసీవోరు?”

“పిలవలేదు.”

అమ్మడు లేచి చెల్లెల్ని చంకనేసుకుంది. “పోన్లే,” అంది, అచ్చం పెద్దవాళ్ళు అన్నట్టే, చంకలోని పిల్లను ఇటునుంచి అటు మార్చుకుంటూ.

శనివారం సాయంత్రం సత్యానందం వచ్చాడు. వారం వారం వచ్చి ఆదివారం వెళ్ళిపోవడం అతని అలవాటు. పాప మాట వస్తుందేమోనని భయపడి ఇద్దరూ ధరలు, వానలు మాట్లాడుకునేవారు. సత్యవతి అతనికి అన్నం వడ్డించి, చారు పోసి, అడిగింది.

“ఎక్కడ పెట్టారు?”

“ఏటి?”

“పాపని.”

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. “మిషను చర్చి సమాధుల దొడ్లో. మా నాన్న పక్కని.”

“వానొస్తే అక్కడ నీళ్ళు నిలుస్తాయా?”

“నిలవవు. మెట్ట.”

ఆమె తల ఊపింది. ముద్దను కంచం అంచుకు నెట్టి అతనే అన్నాడు, “సూస్తావా? రేపెళ్దాం.”

“వెళ్దాం,” అంది.

మర్నాడు ఇద్దరూ నెల్లిమర్ల వెళ్ళారు. సన్నగా వాన పడుతోంది. గోడవార, సత్యానందం తండ్రి సమాధి పక్కన, చారెడు చోటు కాస్త ఎత్తుగా ఉంది. గరిక మొలిచేసింది. అక్కడికి వెళ్తే ఏదో అవుతుందని దారి పొడుగునా ఆమె అనుకుంది. ఏమీ కాలేదు. నేల నేలలాగే ఉంది. వంగి రెండు గరికపోచలు పీకి, మళ్ళీ ఎందుకు పీకానా అని చేతిలోనే పట్టుకుని నిలబడింది.

పక్కనుంచి ఏదో చప్పుడైంది. సత్యానందం ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె ఎదుట ఒక్కసారీ ఏడవని మనిషి, నోటికి తుండు అడ్డం పెట్టుకుని, ఊపిరాడకుండా ఏడుస్తున్నాడు. ఆమె అతని వైపు చూసింది. చేతిలోని గొడుగు అతని తల మీదికి జరిపి అలాగే పట్టుకుంది. తన ఎడమ భుజం తడిసి చలేస్తోందని చాలాసేపటికి గాని ఆమెకు తెలియలేదు.