కొండయ్య కొట్టిన సున్నం

"సిరి టీచరమ్మే రాకపోయుంటే మన పాత సమాధుల తోట చరిత్ర మట్టిలో కలిసిపోయేది" అని ఆళ్లగడ్డ చర్చిలో అయ్యగారు అన్నాడో లేదో, వెనక వరుసలో కూర్చున్న కొండయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్లుగా ఆ తోటకు కాపలా ఎవరు? ముళ్లకంప నరికిందెవరు? ఏటా ఈస్టరుకు ముందు ప్రతి సమాధికీ సున్నం కొట్టిందెవరు? నంద్యాల నుంచి నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన పిల్ల, బడిపిల్లల్ని వెంటేసుకుని నాలుగు శనివారాలు తిరిగిందట, చరిత్ర కాపాడిందట! పైగా చప్పట్లు!

సిరి పని ఉత్తుత్తిదేమీ కాదు, ఆ మాట చెప్పుకోవాలి. తడిపిన గోనెసంచి రాతి మీద పరిచి, ఒక రోజు నాననిచ్చి, వెదురుపుల్లతో మెల్లగా గీకించేది. సున్నం పొరలు ఊడి అడుగున అక్షరాలు బయటపడేవి. ఆ మనిషి ఎవరో, ఏం చేసేవాడో పిల్లలు ఇళ్లకు పోయి అడిగి రాసుకొచ్చేవారు. అది చూస్తే కొండయ్యకు ఇంకా మంట. ఆ పేర్లన్నీ తనకు నోటికొచ్చు. ఇన్నేళ్లూ ఎవరికి ఏ సమాధి కావాలన్నా తన గుమ్మం ముందుకే వచ్చేవారు. ఇప్పుడు రాళ్లనే చదువుకుంటుంటే ఇక తననెవరు అడుగుతారు?

"నేను కొట్టిన సున్నమంతా గీకి పారేస్తాండావే" అన్నాడొకసారి.

"మీరు చూసుకోబట్టే తోట నిలిచింది తాతా. అక్షరాలే పూడిపోయినాయి" అంది సిరి మర్యాదగా. ఆ మర్యాద కూడా అతనికి గిట్టలేదు.

చివరికి వేపచెట్టు కింద రెండు రాళ్లు మిగిలాయి, వాటిని నానబెట్టి గీకే వ్యవధి లేకపోయింది. భవాని అనే బడిపిల్ల నోటుబుక్కు పట్టుకుని వచ్చి అవి ఎవరివని అడిగింది. ఒకటి మిషన్ ఆసుపత్రి ఆయా మార్తమ్మది, రెండోది మిషన్ బంగళా వంటమనిషి యోహానుది. కొండయ్య కావాలనే తారుమారు చేసి చెప్పాడు. ఏ సమాధి ఎవరిదో రాసిన తోట పటం ఆదివారం అందరి ముందూ తెరుస్తారు కదా, అప్పుడు లేచి "ఇది తప్పు" అంటాడు. పెద్దవాణ్ణి పక్కన పెడితే ఏమవుతుందో అందరికీ తెలిసొస్తుంది. భవాని తన పేరు చెబితే, పిల్ల సరిగా వినలేదంటే సరి!

అయితే సిరి ఆ పటాన్ని శుక్రవారమే వాట్సాప్‌లో పెట్టింది, అది చేతులు మారి నంద్యాల దాకా పోయింది. శనివారం పొద్దున్నే నంద్యాల బస్సు దిగి జీవమ్మ అనే ఆమె వచ్చింది. అరవై దాటిన మనిషి. నాలుగేళ్లప్పుడు తల్లి పోతే మేనమామ నంద్యాల తీసుకుపోయాడు. తల్లిని ఎక్కడ పూడ్చారో కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పటంలో 'ఆయా మార్తమ్మ' అని చూసింది. నేరుగా పోయి యోహాను రాయిని వాటేసుకుంది.

"అమ్మా, ఇన్నేండ్లకొచ్చినానే!" అని ఒకటే ఏడుపు. ఆ తర్వాత సిరి చేతులు పట్టుకుని, "నువ్వు సల్లగుండాల తల్లీ" అంది.

ఆ దీవెన వినగానే కొండయ్యకు మళ్లీ కడుపు రగిలింది. చీపురు పట్టుకుని నిలబడ్డవాడు, ఏడ్చే మనిషి ముందు కూడా ఈ కుళ్లేనా అని తనకే సిగ్గేసి తల దించుకున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆమె ఆ వంటమనిషి రాయికే పూలు పెడుతోంది.

"అది మీ అమ్మ కాదు చెల్లీ. మీ అమ్మ ఈడ, పక్కనుండాది."

సిరి అదిరిపడింది. "భవానికి మీరే కదా తాతా చెప్పింది?"

"నేనే. తెలిసే మార్చి చెప్పినా. నీ మీద కడుపుమంటతో."

జీవమ్మ పూలు తీసుకుని పక్క రాయి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. తెల్లగా, నున్నగా ఉంది రాయి. ఒక్క అక్షరం లేదు.

"ఇదన్నా నిజమేనని ఎట్లా నమ్మేదన్నా?"

ముప్పై ఏళ్లు కొండయ్య నోటిమాటే ఈ తోటకు రుజువు. ఇంకో రుజువు రాతి మీద ఉంది, దాని మీద వేలెడు మందం అతని సున్నం.

మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చాపాడు. "సిరమ్మా, ఆ తడిగోనె ఇటియ్యి."

"నానేదానికి రేపటిదాకా పడుతుంది తాతా."

జీవమ్మ పూలు ఒళ్లో పెట్టుకుని రెండు రాళ్ల మధ్య చతికిలబడింది. "ఉంటా" అంది, అతనివైపు చూడకుండానే.