ముందు సీటు ఎత్తు

నీళ్ల సీసాలు నింపడం నా పని. ఆ ఆదివారం పొద్దున కూడా నాలుగు సీసాలు సింకు పక్కన వరసగా పెట్టి, రెండింట్లో మంచినీళ్లు, రెండింట్లో ఉప్పూ చక్కెరా నిమ్మరసం కలిపిన నీళ్లు పోసి, మూతలు బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకున్నాను. మా ఆయన సైకిలు చొక్కా ముందురోజే ఉతికి నీడన ఆరేశాను. ఆ గుడ్డ ఎండలో వేస్తే పాడవుతుందని ఏడేళ్ల క్రితం ఒకసారి చెప్పారు, రెండోసారి చెప్పించుకోలేదు. అన్నీ సర్దాక, సొరుగులోంచి సీటు బిగించే చిన్న పానా తీసి నా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదని అనుకున్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదు.

ఏడాదికి ఒక్క ఆదివారం మా లోయ రోడ్డు మీద మోటారు బండ్లు ఆపేస్తారు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, వంతెన నుంచి పాత మిల్లు వరకు పద్దెనిమిది కిలోమీటర్లు సైకిళ్లవే. ఒక పక్క నది, ఇంకో పక్క కొండవాలు మీద ద్రాక్షతోటలు. బారికేడ్లు ఎక్కడ పెట్టాలి, తోటల ట్రాక్టర్లు ఎక్కడ రోడ్డు దాటాలి, ఎన్ని మలుపులు, ఎక్కడ కుళాయి, ఇవన్నీ చూపించే మ్యాపు రోడ్ల ఆఫీసులో గీసేది నేనే. కింద సంతకం మాత్రం మా సెక్షన్ ఆఫీసరుది. "మ్యాపు అద్దంలా ఉంది సార్" అని ఎవరైనా మెచ్చుకుంటే, ఆయన మొహమాటంగా నవ్వి నా వైపు తిరిగి, "టీ చెప్పమ్మా" అంటారు. అలా ఆరేళ్లు గీశాను. ఆరేళ్లూ ఆ రోడ్డు మీద ఒక్కసారీ సైకిలు తొక్కలేదు. మా ఆయన సైకిలు క్లబ్బు వాళ్ల భార్యలందరినీ ముందే వ్యానులో వెనకదారిన తీసుకెళ్లి మిల్లు దగ్గర దింపేవారు. అక్కడ బల్ల వేసుకుని వచ్చేవాళ్లకి అరటిపళ్లు ఒలిచి ఇచ్చేవాళ్లం.

అలాగని నాకు తొక్కడం రాక కాదు. రోజూ ఆఫీసుకి వెళ్లేది సైకిలు మీదే, వచ్చేటప్పుడు కూరగాయలు, అత్తయ్య మందులు, ఒక్కోసారి గ్యాసు పొయ్యి బర్నరు కూడా దాని మీదే. "నేనూ వస్తానండీ" అని ఒకసారి అడిగితే ఆయన నవ్వారు. "నీది ఆఫీసుకెళ్లడమోయ్. మాది సైక్లింగు." చెడ్డగా అనలేదు. ఆయన ఏదీ చెడ్డగా అనరు. నా చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డగా అంటే తిరిగి ఓ మాట అనేసి ఊరుకోవచ్చు. ప్రేమగా అన్నదాన్ని ఏం చేయాలి? మడతపెట్టి లోపల పెట్టుకోవాలి. ఆ అర కూడా నిండిపోయింది.

ఈ ఏడు నా నలభయ్యో పుట్టినరోజుకి ఆయన ఇద్దరు తొక్కే సైకిలు కొన్నారు. వసారాలో దాన్ని నిలబెట్టి చిన్నపిల్లాడిలా మెరిసిపోయారు. "ఇక నిన్ను వదిలి వెళ్లేది లేదు. వెనక సీటు నీది. బ్రేకుల గొడవ లేదు, గేర్ల గొడవ లేదు. హాయిగా కూర్చుని తొక్కడమే." నాకు కళ్లనీళ్లు తిరిగాయి, నిజంగా సంతోషంతోనే. అత్తయ్య చేతికర్ర పట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఒరేయ్, వెనక హ్యాండిలు తిరగదేంట్రా?"

"తిరగక్కర్లేదమ్మా. పట్టుకోడానికంతే."

"ఓహో" అని నా మొహంలోకి చూసింది.

ఆ ఆదివారం బయల్దేరుతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నది ఎలా ఉందో చూసొచ్చి చెప్పవే. ఆ రోడ్డు మీద మీ మావయ్య నన్ను ఎన్నేళ్లు తిప్పారో. ఒక్కసారీ బండి ఆపలేదు. వచ్చేటప్పుడు చూద్దాం అనేవారు. వచ్చేసరికి చీకటి పడేది."

"చూసి చెప్తా అత్తయ్యా" అని మాటిచ్చాను.

వంతెన దాటగానే ఆ నిశ్శబ్దానికి ఒళ్లు జల్లుమంది. లారీ లేదు, హారను లేదు. చక్రాల సరసర, తోటల్లో పిట్టలు, ఎక్కడో కిందుగా నీళ్ల చప్పుడు. పండిన ద్రాక్ష వాసన గాలిలో తియ్యగా, కొంచెం పుల్లగా. "చూడు, నది ఎంత బాగుందో!" అన్నారు ఆయన. చూశాను. నాకు కనిపించింది ఆయన వీపు. నీలం చొక్కా, మధ్యలో చెమట మరక. పక్కకి వంగితే నది ఒక ముక్క దొరికేది, వెంటనే "కదలకోయ్, సైకిలు ఊగుతోంది" అనేవారు. "ఎడమకి మలుపు!" అని ఆయన కేక వేసేవారు, అప్పుడే కనిపెట్టినట్టు. ఆ మలుపు నేను గీసిందే. దాని ముందు 'మెల్లగా' అని బోర్డు పెట్టించిందీ నేనే.

వీపు చూస్తూ వెళ్లడం నాకు కొత్త కాదు. కాలేజీకి వెళ్లేటప్పుడు మా నాన్న సైకిలు వెనక కూర్చునేదాన్ని, బస్సెక్కే చోటు దాకా. నాన్నకి చదువు రాదు. దారిలో కనిపించిన ప్రతి బోర్డూ నేను గట్టిగా చదవాలి. సిమెంటు ప్రకటన అయినా సరే. "ఇంకోటి చదువు తల్లీ" అంటూ తొక్కేవారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చివరి పరీక్ష రోజు నాన్న సగం దారిలో దిగిపోయి, హ్యాండిలు నా చేతికిచ్చి, "ఇవాళ నువ్వు తొక్కు, నేను వెనక కూర్చుంటా" అన్నారు. బక్కపలచటి మనిషి, అయినా ఆ రోజు నా కాళ్లు పీకేశాయి. "బరువున్నానా తల్లీ?" అని ఎన్నిసార్లు అడిగారో.

మిల్లుకి ముందు పెద్ద ఎత్తు వస్తుంది. నేను పళ్లు బిగించి తొక్కుతున్నాను. "ఈసారి కాళ్లు భలే ఆడుతున్నాయోయ్! పోయినేడు ఇక్కడ దిగి నడిచా" అన్నారు ఆయన సంబరంగా. నాకొక చిలిపి ఆలోచన వచ్చింది. పాదాలు పెడళ్ల మీదే ఉంచి, బలం వేయడం మానేశాను. మనసులో పది లెక్కపెట్టాను. నాలుగు దగ్గరే సైకిలు మూలిగింది. ఆరు దగ్గర ఆయనా మూలిగారు.

"ఏంటిది... చైను బిగుసుకుపోయిందా?"

పది కాగానే మళ్లీ తొక్కాను.

"ఆఁ, సర్దుకుంది."

నవ్వు ఆపుకోలేక చెయ్యి కొరుక్కున్నాను. ఆ నవ్వు అయిపోయాక కింద ఇంకేదో మిగిలింది.

మిల్లు దగ్గర క్లబ్బులో అందరికీ పెద్దన్నయ్యలాంటి పళ్ల డాక్టరు ఎదురొచ్చి ఆయన భుజం తట్టాడు. "మొత్తానికి చెల్లెమ్మని ఎక్కించుకొచ్చావన్నమాట!"

"బరువే అనిపించలేదన్నయ్యా" అన్నారు మా ఆయన, అరటిపండు నములుతూ, నా వైపు ఎంతో ముద్దుగా చూస్తూ.

నేను జేబులోంచి పానా తీశాను. ముందు సీటు మర వదులు చేసి నాలుగు వేళ్లు కిందికి దించాను. వెనక సీటు పైకి లేపాను. ఆయన నమలడం ఆపేశారు.

"ఏం చేస్తున్నావోయ్?"

"తిరిగి వెళ్లేటప్పుడు నేను ముందు కూర్చుంటాను."

"నువ్వా? లోయ రోడ్డు, మలుపులు..."

"పద్నాలుగు. గట్టివి మూడే. మ్యాపు గీసింది నేనండీ."

"అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు హాయిగా కూర్చుని తొక్కండి."

పళ్ల డాక్టరు పకపకా నవ్వాడు. బల్ల వెనక డాక్టరు భార్య మాత్రం నవ్వలేదు. పండు ఒలుస్తున్న చెయ్యి ఆపి నన్నే చూస్తోంది.

మొదటి దిగుడులో ఆయన వెనక నుంచి "బ్రేకు! బ్రేకు!" అని అరిచారు. లేని బ్రేకు కోసం ఆయన వేళ్లు తడుముకుంటున్న చప్పుడు నాకు వినిపించింది. "పట్టానండీ" అన్నాను. మూడు మలుపులయ్యాక అరుపులు తగ్గాయి. అప్పుడు నది నా ముందుకి వచ్చింది. వేరే మాట దొరకడం లేదు, నా ముందుకే వచ్చింది. ఆకుపచ్చగా, వెడల్పుగా, తొందర లేకుండా. వాలు మీద ద్రాక్ష తీగలు దువ్విన జుట్టులా వరసలు వరసలుగా రోడ్డు దాకా దిగుతున్నాయి.

"నాకు నీ జడ తప్ప ఏం కనిపించట్లేదోయ్" అన్నారు ఆయన, కాస్త దిగులుగా.

"నేను చెప్తాను, వినండి" అన్నాను. నాన్నకి బోర్డులు చదివినట్టే చెప్పుకుంటూ వెళ్లాను. నది మధ్యలో ఇసుక తిన్నె. దాని మీద ఏడు కొంగలు. తోటలో బోర్లించిన చెక్కపెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్న ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె చెయ్యెత్తి ఊపింది, నేనూ ఊపాను. "రెండు చేతులూ పెట్టు తల్లీ!" అన్నారు ఆయన. పెట్టాను.

తిరుగుదారిలో పంపుహౌసు దగ్గర మళ్లీ ఎత్తు. వెనక ఆయన ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. తర్వాత మెల్లగా అడిగారు.

"నేను తొక్కుతున్నట్టు నీకు తెలుస్తోందా?"

ఆ గొంతు నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా అది నా లోపల వినిపించే గొంతు.

"తెలుస్తోందండీ. బాగా తెలుస్తోంది. మీరు లేకపోతే ఎక్కలేను."

పెడళ్లు ఓ ఇరవై చుట్లు తిరిగాయి.

"మరి పొద్దున ఆ చైను..."

"చైను కాదండీ. నేను."

ఎత్తు అయ్యేదాకా ఆ వెనక బలం ఒక్క క్షణం కూడా తగ్గలేదు.

ఇంటికి చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "నది చూశావా?"

"వెళ్లేటప్పుడు కనిపించలేదు అత్తయ్యా. వచ్చేటప్పుడు మొత్తం చూశాను" అన్నాను. ఆవిడ పక్కకి జరిగి, అరుగు మీద నాకు చోటిచ్చింది. కొంగల దగ్గర మొదలుపెట్టాను.

ఆయన సీసాలు నాలుగూ తీసి సింకులో పెట్టి, వసారాలోకి వచ్చి చెయ్యి చాపారు. "ఆ పానా ఇలా ఇవ్వు. సీట్లు మళ్లీ మామూలుగా పెట్టేస్తాను."

పానా నా జేబులోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

"అవే మామూలు ఎత్తులండీ" అన్నాను. "అలాగే ఉండనివ్వండి."