అన్నీ చూసే లెన్సు

పళ్ళ డాక్టరు కెమెరాకి రెండు లెన్సులుండేవి. దగ్గరివాటికొకటి, దూరపువాటికొకటి. కావలసినది ఎప్పుడూ సంచిలోనే ఉండేది. బడి మైదానంలో కూతురు అందరికంటే ముందు పరుగెత్తి వస్తుంటే అతను లెన్సు మారుస్తున్నాడు. మార్చి కన్ను ఆనించేసరికి పిల్ల పందెం గెలిచేసి, అటు తిరిగి నీళ్ళు తాగుతోంది. ఆ వీపు ఫొటోకే పటం కట్టించారు.

ఇక ఒకటే లెన్సు ఉండాలని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాడు. గది మొత్తం పట్టాలి, మైదానం అవతలి ముఖమూ పట్టాలి, మధ్యలో విప్పే పని ఉండకూడదు. నిశ్చయానికి ఒక పూట సరిపోయింది. ఎంపికకు ఏడాది చాల్లేదు.

అన్నీ తానే చేస్తానన్న లెన్సు అంచుల్లో మసకేస్తుందని, చీకట్లో తడబడుతుందని వీధి చివర ఫొటో స్టూడియో ఆయన చెప్పాడు. దాంతో డాక్టరుకి అంచుల బెంగ పట్టుకుంది. వారం వారం కెమెరాల కొట్టుకు వెళ్ళి, కొట్లో ఉన్న లెన్సులన్నీ ఒక్కొక్కటే తగిలించి ఎదురుగా ఉన్న ఇటుక గోడను ఫొటో తీసేవాడు. కొన్నాళ్ళకు కొట్టువాడు ఇతన్ని చూడగానే టీకి వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు. క్లినిక్‌లో మాత్రం శ్రోతలకు కొదవ లేదు. నోటినిండా దూది కుక్కించుకుని కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాళ్ళను, వెడల్పు ముఖ్యమా దూరం ముఖ్యమా అని అడిగేవాడు. వాళ్ళు బాధకొద్దీ ‘ఆ, ఆ’ అంటే దూరానికే ఓటు పడిందనుకునేవాడు.

ఈలోగా పాత లెన్సులు రెండూ అమ్మేశాడు. ఆ ఏడంతా ఇంట్లో ఒక్క ఫొటో లేదు. కెమెరా మాత్రం రోజూ తుడుస్తున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుందని, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే భార్య తోటి లెక్చరర్లతో అనేది. చివరికి ఆవిడే తేల్చింది.

“ఆదివారం అమ్మ రిటైర్మెంటు విందు. ఈలోపు ఏదో ఒకటి కొనండి. లేదంటే ఆ కెమెరాని నా పేపర్లు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకుంటా.”

శనివారం కొనుక్కొచ్చాడు. ఏడాది కిందట మొట్టమొదట చేతిలోకి తీసుకున్నదే.

అత్తగారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయిన మనిషి. విందు ఆవిడ ఇంట్లోనే. డాక్టరు హాలు మూల బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, కదలకుండా లెన్సుతోనే అందరినీ దగ్గరికి లాక్కున్నాడు. దగ్గరికొస్తే కదా ముఖాలు సర్దుకునేది. ఆ దూరం నుంచి అతను తీస్తున్నాడని ఎవరికీ తట్టలేదు.

మరుసటి వారం కుటుంబమంతా మళ్ళీ అక్కడే చేరి టీవీలో ఫొటోలు చూసింది. మొదట తెరమీదికి తోడల్లుడు వచ్చాడు. పేరున్న లాయరు. అత్తగారి సేవల గురించి మాట్లాడుతూ కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. తరవాతి ఫొటోలో అదే తోడల్లుడు స్తంభం చాటున నడుం మీద చెయ్యేసుకుని, మెడ సాచి, అచ్చం అత్తగారిలా నడుస్తున్నాడు. చుట్టూ నలుగురు టీచర్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

మెచ్చుకున్నవాళ్ళంతా లాయరు వైపు తిరిగారు.

డాక్టరు లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. ఇంత దూరంలోనూ మీసం వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయని, స్టూడియో ఆయన మాటలు ఒట్టి కోతలని వివరించాడు. లాయరు రిమోటు కోసం సోఫా దిళ్ళ కింద వెతకసాగాడు.

తరవాతిది వంటింటి గుమ్మం. అత్తగారి చెల్లెలు వెండి చెంచాలు హ్యాండ్‌బ్యాగులోకి జారవిడుస్తోంది. ఆ చెల్లెలు ఇప్పుడు సోఫాలో అక్క పక్కనే కూర్చుని ఉంది.

“బాబూ, ఇంకా దగ్గరికి వస్తుందా?” అని అడిగింది అత్తగారు, క్లాసులో వెనక బెంచీని లేపే గొంతుతో.

“ఎందుకు రాదత్తయ్యా,” అని డాక్టరు సంబరంగా పెద్దది చేశాడు. చెంచా కాడమీది లతలు టీవీ నిండా పరుచుకున్నాయి. “చూశారా, ఇది ఫొటోకి సరిగ్గా మూల. ఎక్కడా మసక లేదు.”

భార్య అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

“మెరుగు పెట్టిద్దామని తీసుకెళ్ళానక్కా,” అంది చెల్లెలు.

“మంచిది. మెరిశాక పంపించు,” అంది అత్తగారు. ఆపైన పరుల సొమ్ము గురించి, పెంపకం గురించి చాలాసేపు చెప్పింది. ముప్ఫయ్యేళ్ళు బడి అసెంబ్లీలో చెప్పిన మాటలే కాబట్టి ఎక్కడా తడుముకోలేదు.

లాయరు ఆ రోజునుంచి డాక్టరుతో మాట మానేశాడు. లెన్సు చూసి కుళ్ళుకున్నాడనే డాక్టరు నమ్మకం. ఇంటిగుట్టు వీధిన పడేశారని భార్య రెండు రోజులు తిట్టింది. తిట్టడం అయ్యాక బావగారి నడక ఫొటో తన ఫోనుకి పంపించుకుంది.

చెంచాలు తిరిగి వచ్చాయి. ఆ పూట డాక్టరు అత్తగారింట్లోనే ఉన్నాడు. ఆవిడ బల్లమీద పరిచి లెక్కపెట్టింది. పోయినవాటికంటే ఒకటి ఎక్కువుంది. దాని కాడమీద లతలకు బదులు చేపలున్నాయి.

“ఇది మీది కాదేమో అత్తయ్యా?”

అత్తగారు దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. బరువు కూడా చూసింది.

“ఎవరిదని అడుగుతాం బాబూ, పాపం మా చెల్లెలి పరువేం కాను,” అంటూ మిగతావాటితో కలిపి బీరువాలో పెట్టి తాళం వేసింది.